వాకిలి ఆపిన ఆడబిడ్డ

సంగం దగ్గర, బస్సు నిండా జనం చూస్తుండగా, మా డ్రైవరు చెంప పగలగొట్టాను. ఈ సంగతి నా మనవళ్ళకు ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దెబ్బకు బలం పెరిగింది. ఈ మధ్య చెప్పినప్పుడు అతని పన్ను ఒకటి ఊడి స్టీరింగు మీద పడింది కూడా. నిజానికి పన్నూ ఊడలేదు, చెంపా పగల్లేదు. నా చెయ్యి టికెట్ల సంచి మీదనుంచి లేవనే లేదు. అలా లేవనందుకు పుట్టిన కోపం మాత్రం ఇన్నేళ్ళయినా దిగలేదు. ఎనభై దాటాను. మోకాళ్ళు పోయాయి, ఒక చెవి పోయింది. ఆ కోపానికి మాత్రం ఇంతవరకు ఏ రోగమూ రాలేదు.

అప్పటికింకా మద్రాసునుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోలేదు. బొగ్గు బస్సులు పోయి పెట్రోలు బస్సులు వచ్చిన కొత్త. నెల్లూరులో పొద్దున్నే బయల్దేరి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరే బస్సులో నేను కండక్టరును. ఇల్లు ఆత్మకూరులో.

మా ఇంట్లో నాకంటే ఏడేళ్ళు ముందు పుట్టిన బిడ్డ ఉండేది. మగపిల్లవాడని చెప్పి పెంచారు. ఆ బిడ్డ మాత్రం ఊహ తెలిసినప్పటినుంచీ కాదనే చెప్పింది. నోటితో చెప్పింది, నడకతో చెప్పింది, మా అమ్మ చీర చుట్టుకుని చెప్పింది. బెత్తంతో బదులు చెప్పారు. పద్దెనిమిదో ఏట ఇల్లు వదిలి పోయింది. ఇప్పుడు పేపర్లలో ట్రాన్స్‌జెండర్ అని మర్యాదగా రాస్తున్నారు. మా కాలంలో మాకున్న మాటలు కొజ్జా, పేడి, ఆడంగి. మూడూ రాళ్ళే. మా ఇంట్లో ఇంకొక మాట వాడేవారు: 'వాడు'. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద రాయి అదే.

కొన్నేళ్ళ తర్వాత నేను కండక్టరుగా చేరిన వారంలోనే ఆమె కనపడింది. సంగంలో, ఆనకట్ట దారిలో, తాటాకు కొట్టం వేసుకుని దోసెలు పోస్తోంది. నుదుట రూపాయంత బొట్టు, జడ, ముదురు ఆకుపచ్చ చీర. మా డ్రైవరు రోజూ బస్సు ఆపి టిఫిను తినేది అక్కడేనట. నేను దగ్గరకు పోయి "అన్నా" అన్నాను. దోసె తిప్పుతూనే ఉంది. మళ్ళీ "అన్నా" అన్నాను. పెనం మీద నీళ్ళు చల్లింది. ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి, "అక్కా" అన్నాను.

"ఏం నాయనా, రెండు పొయ్యనా?" అంది, తలెత్తి.

ఆ రోజునుంచి నాకు అక్క ఉంది.

మా డ్రైవరు సంగతి చెప్పాలి. ఆమె పోసిన దోసెలు నెయ్యి కారేలా, పప్పుల పొడి అద్దుకుంటూ తినేవాడు. "ఏమే రాణీ, ఇంకొకటి ఎర్రగా కాల్చవే" అని సరసాలాడేవాడు. ఆమె చేతి కూడు తిన్నందుకు అతని కులానికి గానీ మగతనానికి గానీ ఏ లోటూ రాలేదు. బస్సు దగ్గరకొచ్చేసరికి మాత్రం రెండూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఉదయగిరిలో నాకు పెళ్ళి కుదిరిందని అక్కకు చెప్పిన మర్నాడే ఆమె కొట్టం మూసి, తలకు పూలు పెట్టుకుని, ఆత్మకూరుకు టికెట్ అడిగింది. ఇచ్చాను. ముందున్న ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. పక్కనున్న చంటిపిల్లతల్లి జరిగి చోటిచ్చింది. డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"లెయ్యవే. అది ఆడోళ్ళ సీటు."

"అయితే మొగోళ్ళ సీట్లో కూర్చోనా సామీ?" అంది అక్క.

"యాడా వద్దు. టాపెక్కు."

"టికెట్ తీసుకున్నా గదా."

"టాపుక్కూడా అదే టికెట్టు!" అన్నాడు. బస్సంతా నవ్వింది.

చంటిపిల్లతల్లి "కూర్చోనీ అయ్యా, నాకేం అడ్డం లేదు" అంది. వెనక సీట్లోంచి ఆమె మొగుడు "నువ్వు గమ్మునుండు" అన్నాడు. ఆమె పిల్లకు కొంగు కప్పుకుంది.

మా రోజుల్లో కండక్టరు ఈల ఊదందే బస్సు కదలకూడదు. అది రూలు. నేను ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా నిలబడ్డాను. మనవళ్ళకు చెప్పేటప్పుడు అరగంట ఊదలేదంటాను. పోలీసులు వచ్చారంటాను. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. జనం "ఏందయ్యా, పనులుండాయి మాకు" అని అరుపులు మొదలుపెట్టేసరికి నా చెవులు వేడెక్కాయి. అక్కే లేచింది. "ఊదరా నాయనా, ఊదు" అంటూ దిగింది. మా క్లీనరు ముసలి సాయిబు. నిచ్చెన పట్టుకుని, "అక్కయ్యా, మెట్టు జారతాది, చీర పైకి పట్టుకో" అన్నాడు. మూటల మీద తన గోనె పరిచి ఆమెను కూర్చోబెట్టి వచ్చాడు. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. నేను ఈల ఊదాను. అంత గట్టిగా ఏనాడూ ఊదలేదు. నా కోపం వెళ్ళడానికి ఆ చిన్న రేకు బొక్క తప్ప వేరే దారి లేదు.

ఆత్మకూరులో భోజనానికి బస్సు ఆపిన గంటలో అక్కా నేనూ ఇంటికొచ్చాం. మా అమ్మ వాకిట్లోనే ఆపేసింది.

"ఆడనే నిలబడు. లోపలికి రావొద్దు."

"రానులే మా. ఒక మాట అడిగిపోదామని వచ్చినా" అంది అక్క. "నా తమ్ముడి పెళ్ళి. ఉదయగిరికి నేను రాను. పందిట్లోకీ రాను. కొత్త పెళ్ళికూతురు మనింటికొచ్చినప్పుడు వాకిలాపి పేర్లడగాల్సింది ఆడబిడ్డ గదా. వాడికి అక్కుండాది. ఆ ఒక్క నిమిషం నాకియ్యి."

మా వైపు ఆ ఆచారం తెలియని ఇల్లుండదు. పెళ్ళి పెళ్ళికూతురింట్లో జరుగుతుంది. తర్వాత జంట పెళ్ళికొడుకు ఇంటికొస్తే, పెళ్ళికొడుకు అక్కో చెల్లెలో గడప లోపల నిలబడి రెండు చేతులూ అడ్డం పెడుతుంది. ఒకరి పేరు ఒకరు చెప్పందే దారివ్వదు. మా అక్క అడిగిన నిమిషం ఎంత పెద్దదో మా అమ్మకు తెలుసు. వాకిలి ఆపాలంటే ముందు గడప లోపల ఉండాలి. ఊరందరి ఎదుట, ఆ ఇంటి ఆడబిడ్డగా.

"పెదనాయన కూతురికి చెప్పేసినా" అంది అమ్మ. "నువ్వు రావాలంటే రా. క్రాపు కొట్టించుకో, పంచె కట్టుకో. పెళ్ళికొడుకు అన్నవని చెప్పి మంచం మీద కూర్చోబెడతా."

"మంచం నాకొద్దు మా."

"అయితే పో."

అమ్మ మీద నాకు కోపమే, ఇప్పటికీ. ఆ బిడ్డ పుట్టినందుకు నాయన తరపు వాళ్ళంతా ఆమె కడుపును ఎంత ఆడిపోసుకున్నారో కూడా తెలుసు. తెలిసినందువల్ల కోపం తగ్గలేదు. ఆడిపోసుకున్నవాళ్ళ వాటా కూడా దానికి కలిసింది.

నాయన ఒక శెట్టిగారి మండీలో కాటా మనిషి. రెండు పక్కలూ సరితూచడం ఆయన పని. ఇంట్లోనూ అదే చేసేవాడు. "మీయమ్మ చెప్పేదీ నిజమే. వాడు... ఆ... అది చెప్పేదీ నిజమే" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మండీకి వెళ్ళిపోయాడు. ఆ రోజు మండీకి సెలవు.

ఇక మా అవ్వ. నాయనకు తల్లి. మా వీధిలో ఆమె నోటికి జడిసి కుక్కలు కూడా చుట్టు తిరిగి పోయేవి. వసారాలో మంచం మీదనుంచి లేచి కూర్చుని, "ఏమే కొజ్జాముండా, ఇన్నేళ్ళకు గుర్తొచ్చినానా? రా, తల్లో పేలు చూడు" అని కేకేసింది. ఊరంతా విసిరే రాయినే విసిరింది, కానీ తల ముందుకు వంచి కూర్చుంది. అమ్మ రానివ్వకపోతే, అవ్వే కర్ర పట్టుకుని గడప దాటి బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. అక్క వెనక చేరి జుట్టు విప్పింది. మంచి మాటలు చెప్పి చెయ్యి ఇవ్వనివాళ్ళను జీవితంలో చాలామందిని చూశాను. అవ్వ అందుకు తలకిందులు.

మంచి మాటలంటే నా స్నేహితుడు గుర్తొస్తాడు. బోర్డు హైస్కూల్లో మేష్టరు. కాఫీ హోటల్లో బల్ల గుద్ది సమానత్వం గురించి మాట్లాడితే గ్లాసులు ఎగిరేవి. మనుషులంతా ఒక్కటే, ఆచారాలను తగలబెట్టాలి అనేవాడు. నేను పోయి సంగతి చెప్పాను. అమ్మతో ఒక మాట చెప్పరా, నీ మాటంటే ఆమెకు గురి అన్నాను.

వాడు కాఫీ చల్లార్చుకుని, "చూడరా, సిద్ధాంతంగా నువ్వు చెప్పేది కరెక్టే" అన్నాడు.

"సిద్ధాంతం ఎందుకురా, వాకిలి గురించి చెప్పు."

"వాకిలి వేరే. శుభమా అని కొత్తపిల్ల అడుగుపెట్టే చోటు. అమ్మాయి వాళ్ళేమనుకుంటారు? పరువుండాలి గదా. మీ... ఆమెకు బట్టలు పెట్టి పంపు. సాయం చెయ్యాలంటే దారులు చాలా ఉండాయి."

"నువ్వు తగలబెడతానన్న ఆచారాల్లో ఇది లేదా?"

"అన్నీ ఒకేసారి కాలవురా" అన్నాడు.

అప్పుడు వాడి కాఫీ ఎత్తి వాడి ఖద్దరు చొక్కా మీద పోశాను. పొయ్యలేదు. పొయ్యాలనుకున్నాను, ఆ కాఫీకి డబ్బులిచ్చింది నేనే అని గుర్తొచ్చి నేనే తాగేశాను. కానీ ఆ తర్వాత వాడు బల్ల గుద్దినప్పుడల్లా నాకు వినపడింది గ్లాసుల చప్పుడే.

పెళ్ళి ఉదయగిరిలో జరిగింది. ఐదు వందల మంది వచ్చారని రాయబోయాను. వంద లోపే. మర్నాడు పొద్దున పెళ్ళివారందరం బాడుగకు మాట్లాడుకున్న మా బస్సులోనే ఆత్మకూరు బయల్దేరాం. తోలింది మా డ్రైవరే. పెళ్ళికొడుకును కాబట్టి నేను సీట్లో కూర్చున్నాను. కొత్త పెళ్ళికూతురు పక్కన. అంతకుముందు మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఉదయగిరి దుర్గం కొండ కనుమరుగయ్యేదాకా ఆమె కిటికీలోంచి దానివైపే చూసింది. తర్వాత నేను గొంతు సవరించుకుని, లోకంలో ఏ పెళ్ళికొడుకూ మొదటి మాటగా చెప్పని సంగతి చెప్పాను. నాకొక అక్క ఉంది, ఇలా పుట్టింది, ఇలా బతుకుతోంది, వాకిట్లో నిలబడాలని అడిగింది, మా అమ్మ ఒప్పుకోలేదు.

ఆమె ముఖం చిట్లిస్తుందేమోనని చూశాను. బొట్టు చెమటకు కారకుండా కొంగుతో అద్దుకుంటూ, "మీరేమని పిలుస్తారు?" అంది.

"అక్కా అని."

"మరి నాకు వదినే గదా" అంది. ఇందులో అడగడానికేముందన్నట్టు మళ్ళీ కిటికీవైపు తిరిగింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. బడికి పోయింది ఐదేళ్ళు. మేష్టరు బల్లలు గుద్ది చేరుకోలేని చోటికి ఆమె కూర్చున్న చోటునుంచే చేరింది.

ఇంటి ముందు దిగేసరికి వాకిలి నిండా జనం. అక్క రోడ్డుకు అవతల, ఎదురింటి గొడ్ల కొట్టం నీడలో నిలబడి ఉంది. ఆ రోజు కట్టింది పట్టుచీర. ఎన్ని వేల దోసెలు పోసి కొన్నదో. లోపలికి రానివ్వరని తెలిసీ కట్టుకుంది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను తల దించుకున్నాను.

పెదనాయన కూతురు గడప లోపల చేతులు అడ్డం పెట్టింది. "పేరు చెప్పు పెళ్ళికూతురా, దారిస్తా!"

నా భార్య మాట్లాడలేదు.

"సిగ్గుపడతా ఉండాది" అన్నారెవరో. నవ్వులు. మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదు. మూడోసారి అడిగినప్పుడు పిల్ల తలొంచుకునే, అందరికీ వినపడేలా చెప్పింది.

"మా పెద్ద వదిన అడిగితే చెప్తాను."

వాకిలి మొత్తం ఒక్కసారి నోరు మూసుకుని, ఒక్కసారే తెరిచింది. మా అమ్మ ముఖంలో రక్తం లేదు. "ఎవురు చెప్పినారు దీనికి?" అని నావైపు చూసింది. అప్పుడు నేను గర్జించాను. మా అక్క లేని వాకిలి నాకొద్దు, ఇదే బస్సులో ఉదయగిరికి తిరిగి పోతా అన్నాను.

అనలేదు. నా కాలి బొటనవేలివైపు చూస్తూ నిలబడ్డాను. నిలబడింది ఆ పిల్లే. కొంగు నా ఉత్తరీయానికి ముడేసి ఉంది కాబట్టి ఆమెతోపాటు నేనూ నిలబడ్డట్టు అందరికీ కనపడింది. ఆ ముడి పుణ్యాన నాకు దక్కిన ధైర్యం అంతే.

పెద్దలు బతిమాలారు, బెదిరించారు. పిల్ల కదల్లేదు. అప్పుడు పంతులు గారు ఎండవైపు చూసి, "అమ్మా, వర్జ్యం వచ్చేస్తోంది. ఈలోపు గడప దాటాలి" అన్నారు.

మా వాళ్ళకు పరువంటే భయమే. వర్జ్యమంటే అంతకంటే భయం. ఒక బిడ్డ ఇన్నేళ్ళు బతిమాలినా కరగని జనం, పంచాంగంలో చెడ్డ గడియ వస్తోందంటే ఎలా గిజగిజలాడారో చూశాను. వాకిట్లో ఒక్కరికీ న్యాయం పట్టలేదు. గడియారం పట్టింది. ఆ రోజు జరిగిన మంచికి నేను సంతోషించాలో ఉమ్మెయ్యాలో ఇప్పటికీ తెలియదు.

అవ్వ కర్ర పట్టుకుని రోడ్డు దాటింది. "రాయే కొజ్జాముండా, బిన్నా రా! వర్జ్యం మింగేస్తాది నా మనవడి కాపరాన్ని" అంటూ అక్క చెయ్యి పట్టి లాక్కొచ్చి, పెరటి దారిన ఇంట్లోకి తోసింది. పెదనాయన కూతురు పక్కకు తప్పుకుంది. అక్క గడప లోపలికొచ్చి రెండు చేతులూ చాచింది. గాజులు గలగలమన్నాయి.

"పేరు చెప్పు మరదలా."

నా భార్య నా పేరు చెప్పింది. నేను ఆమె పేరు చెప్పాను. అంతటితో ఆగొచ్చు. కానీ ఆచారంలో ఇంకొక ప్రశ్న ఉంది. ఆడబిడ్డ అడిగి తీరాలి. అక్క ఎన్నేళ్ళు మనసులో అనుకుందో, అలవాటైన పాటలా అడిగేసింది.

"నీకు పుట్టే కూతుర్ని నా కొడుక్కిస్తావా?"

వెనకనుంచి డ్రైవరు గొంతు. "నీకు కొడుకెట్టా పుడతాడే రాణీ? దోసె పెనం మీదా?"

నవ్వారు. మేష్టరు ఉన్నాడు ఆ గుంపులో. వాడు నవ్వలేదు, ఆపనూ లేదు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. అక్క చేతులు కిందికి జారుతున్నాయి. నా భార్య తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"కొడుకెందుకు వదినా మధ్యలో? కూతురు పుడితే నీ కొట్టానికే పంపిస్తా. దోసెలు తినడానికి" అంది.

ఈసారి నవ్వింది అక్క. చేతులు తీసింది. మేం గడప దాటాం. వర్జ్యం బయటే ఉండిపోయింది.

కథ ఇక్కడ ఆపితే అందరికీ సుఖం. కానీ భోజనాలున్నాయి.

వసారాలో ఆడవాళ్ళ పంక్తి. చివర అవ్వ, అవ్వ పక్కన అక్క. అమ్మ అన్నం బుట్టతో వడ్డిస్తూ వచ్చింది. అవ్వ విస్తరిలో పెట్టింది. అక్క విస్తరి దాటి తిరిగిపోయింది. పప్పు తెచ్చింది, దాటింది. గుమ్మడికాయ పులుసు తెచ్చింది, దాటింది. పంక్తి మొత్తం తమ తమ విస్తళ్ళలోకి తలలు దించేసింది. గడప లోపల ఆడబిడ్డగా నిలబడ్డ మనిషి, అదే గడప లోపల ఖాళీ విస్తరి ముందు కూర్చుంది.

అవ్వ తన విస్తరిలోది సగం తీసి పెట్టింది. "తినవే. నీయమ్మ చేతికి పక్షవాతమొచ్చింది" అంది.

అక్క లేచిపోతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. తినడం మొదలుపెట్టింది. అంత కోపంగా తినే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ముద్ద ముద్దకూ తల ఎత్తి, అమ్మ వీపువైపు చూసి పిలిచింది.

"మా, చారు."

అమ్మ అవతల పంక్తికి వడ్డిస్తోంది.

"మా, చారు."

ఎవరో తెద్దామని లేచారు. అక్క చెయ్యి అడ్డం పెట్టి కూర్చోబెట్టింది. "మా. చారు" అంది మూడోసారి.

మనవళ్ళకు చెప్పే కథలో ఇక్కడ మా అమ్మ గరిటె పారేసి, పరుగెత్తుకొచ్చి బిడ్డను కావలించుకుంటుంది. ఇద్దరూ ఏడుస్తారు, పంక్తంతా ఏడుస్తుంది. ఆ ముగింపు నేనే కట్టాను, పిల్లలు నిద్రపోవాలి కదా అని. జరిగింది చెబుతాను. అమ్మ ఇటు తిరగలేదు. చారు గిన్నె నేల మీద పెట్టి, గరిటె కాడతో ఒక్క తోపు తోసింది. గిన్నె అర గజం జరిగింది, కాస్త తొణికింది. అంతే. అక్క ముందుకు వంగి, గిన్నె అందుకుని, తనే పోసుకుంది.

"బాగుండాది మా. ఉప్పు తగ్గింది" అంది.

"నోరు మూసుకుని తిను" అంది అమ్మ.

ఇన్నేళ్ళ తర్వాత మా అమ్మ ఆమెతో మాట్లాడిన మంచి మాట అదొక్కటే. ఆ తర్వాత కూడా లేదు.

నా భార్య అంటుంది: ఏ తల్లైనా బిడ్డతో అనే మాటే గదా అది, ఆమెకు చేతనైనంత ఆమె ఇచ్చింది అని. నేను ఒప్పుకోను. కన్నబిడ్డకు గరిటె కాడతో తోసిన అర గజాన్ని ప్రేమ అనడానికి నాకు నోరు రాదు. అక్క ఆ చారు ఎందుకంత ఇష్టంగా జుర్రుకుందో కూడా నాకు అర్థం కాదు. అలా జుర్రుకున్నందుకూ నాకు కోపమే. ఈ సంగతిలో మాత్రం నాకూ నా భార్యకూ ఈ రోజుక్కూడా పడదు.